వంతెన దిగగానే వచ్చే సెంటరు: నడిచేవారికి దాన్ని భద్రంగా మార్చుకునే విధానం

గోదావరి డెల్టాలో ఊరి సెంటరుకు చాలాచోట్ల ఒకే రూపం ఉంటుంది. పంట కాలువ, దాని మీద వంతెన, వంతెన దిగగానే బస్సు రోడ్డు, ఆ రోడ్డులో రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే గట్టు దారులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు సరుకుల పడవలకు దారి కూడా అయ్యాయి. పడవ కిందుగా సాగిపోవాలి కనుక వంతెనలను రోడ్డు కంటే ఎత్తులో కట్టారు. పడవలు పోయినా ఆ ఎత్తు చాలాచోట్ల అలాగే మిగిలింది. వంతెన ఎక్కుతున్న బండివాడికి అవతల దిగువన రోడ్డు దాటుతున్న మనిషి కనబడడు, దాటుతున్న మనిషికి బండి కనబడదు. పైగా గట్టు రోడ్డుకు ఒక పక్క కాలువ, మరో పక్క బోదె (పొలాలకు నీరు పోయే చిన్న కాలువ) ఉండడం వల్ల నడిచే మనిషి పక్కకు తప్పుకుందామన్నా అడుగు పెట్టే చోటుండదు.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ లెక్క. వారిలో 32,825 మంది పాదచారులు, అంటే రోజుకు దాదాపు 90 మంది. ఇలాంటి ప్రతి మరణం తరువాతా ఊళ్లో వినిపించే మాట ‘చూసుకుని దాటాల్సింది’ అనే. ఈ మాటతో నేను ఏకీభవించలేను. చూసినా కనబడని చోట చూసుకోమని చెప్పి ప్రయోజనం లేదు. సెంటరు ఆకారాన్ని మార్చాలి: దాటే దూరం తగ్గాలి, మలుపులో బండి నెమ్మదించాలి, మనిషి ముందుగానే కనబడాలి. కింద చెప్పిన పనులన్నీ ఈ మూడింటి కోసమే.

మొదటి పని: వారం రోజులు కొలవడం

అర్జీ రాయడానికి ముందే కొలవాలి. కొలత లేని అర్జీ ఇంకో ఫిర్యాదుగానే మిగిలిపోతుంది, కొలతలున్న అర్జీని ఇంజనీరు తన లెక్కలతో పోల్చి చూడక తప్పదు. కావలసినవి ఒక టేపు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, సుద్దముక్క, గళ్ల నోటుపుస్తకం. ఇద్దరు పెద్దవాళ్లు చాలు. పిల్లలను మాత్రం రోడ్డు అంచున నిలబెట్టి లెక్కలు రాయించవద్దు.

ముందుగా సెంటరు పటం గీయండి. ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉంది, మలుపు దగ్గర తారు ఎంత దూరం విచ్చుకుంది, స్తంభాలు, డ్రైను పలకలు, ఆటో స్టాండు, బస్సు ఆగే చోటు, బడ్డీ కొట్లు ఎక్కడున్నాయి అన్నవన్నీ అందులోకి రావాలి. తరువాత బడి వేళ ఉదయం ఒక గంట, బడి వదిలే వేళ ఒక గంట, చీకటి పడ్డాక ఒక గంట, సంత రోజున ఒక గంట కూర్చుని, దాటే మనుషులను, పోయే బండ్లను విడివిడిగా లెక్కపెట్టండి. చివరి నిమిషంలో బ్రేకు వేసిన బండి, అడుగు ముందుకు వేసి మళ్లీ వెనక్కి తీసుకున్న మనిషి, రోడ్డు మధ్యలో చిక్కుకున్న సైకిలు కనబడినప్పుడల్లా పటంలో ఆ చోట ఒక చుక్క పెట్టండి. వారం చివరికి ఆ చుక్కలు ఒకటి రెండు చోట్ల గుంపుగా చేరతాయి. ప్రమాదం జరిగేదాకా ఆగకుండానే, జరగబోయే చోటు ఏదో ఆ చుక్కలు చూపిస్తాయి.

మా సెంటరులో నేను కొలిచినప్పుడు గట్టు రోడ్డు మొగ దగ్గర తారు 14 మీటర్లు విచ్చుకుని ఉంది. పాల క్యాను చేత్తో పట్టుకున్న ఒక మామ్మగారు దాన్ని దాటడానికి 18 సెకన్లు పట్టింది. ఇంజనీర్లు సాధారణంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేస్తారు, ఆ ప్రకారమైతే 12 సెకన్లు చాలాలి. మిగిలిన ఆ 6 సెకన్లలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 83 మీటర్లు వచ్చేస్తుంది. దాటేటప్పుడు ఎటు చూస్తారని అడిగితే ఆవిడ, “చూపు ఆనదు బాబూ, చప్పుడు విని దాటతాను” అన్నారు. ఇప్పుడు చప్పుడు లేని బ్యాటరీ స్కూటర్లు వచ్చాయి. అందుకే మీ కొలతల్లో కుర్రవాళ్ల నడకను కాకుండా వృద్ధుల నడకను, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి నడకను తీసుకోండి.

బండ్ల వేగం కొలవడానికి ప్రత్యేక యంత్రం అవసరం లేదు. రోడ్డు పక్కన 50 మీటర్ల ఎడంలో రెండు గుర్తులు పెట్టి, బండి మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు చేరే సెకన్లు చూడండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది: 6 సెకన్లు పడితే 30, 3.6 సెకన్లు పడితే 50. కనీసం 50 బండ్లకైనా ఇలా రాసుకోండి. ఈ రెండు వేగాల మధ్య తేడా చిన్నది కాదు. డ్రైవరు మనిషిని చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను తీసుకుంటాడనుకుంటే, పొడి రోడ్డు మీద 30లో వచ్చే కారు సుమారు 13 మీటర్లలో ఆగుతుంది, 50లో వచ్చే కారుకు సుమారు 28 మీటర్లు కావాలి. ట్రాక్టర్ చక్రాలు పొలంలోంచి మోసుకొచ్చిన బంకమట్టి వానకు నానిన రోజున ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

చివరి కొలత చూపుది. మోకాళ్ల మీద కూర్చుని, నేల నుంచి ఒక మీటరు ఎత్తులో కళ్లు పెట్టి చూడండి. రెండో తరగతి పిల్లకు కనబడే సెంటరు అదే. ఆగి ఉన్న ఒక్క ఆటో ఆ ఎత్తు నుంచి రోడ్డు మొత్తాన్ని మూసేస్తుంది. తరువాత స్కూటరు మీద వంతెన అవతలి నుంచి నెమ్మదిగా ఎక్కుతూ, దాటే చోట నిలబడిన మీ మిత్రుడి నడుము ఎక్కడి నుంచి కనబడిందో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు నుంచి దాటే చోటికి ఉన్న దూరం పైన చెప్పిన ఆగే దూరం కంటే తక్కువైతే, ఆ వేగంతో వచ్చే డ్రైవరు ఎంత మంచివాడైనా ఆపలేడు.

రెండో పని: ఏ రోడ్డు ఎవరిదో తెలుసుకోవడం

ఒకే సెంటరులో బస్సు రోడ్డు రోడ్లు భవనాల శాఖది, గట్టు జలవనరుల శాఖది, ఊళ్లోకి వెళ్లే రోడ్డు పంచాయతీరాజ్ శాఖది, డ్రైనూ వీధి దీపాలూ పంచాయతీవి, కరెంటు స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థవి కావచ్చు. పట్టణమైతే పురపాలక సంఘం వస్తుంది, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి లాంటిదైతే జాతీయ రహదారుల విభాగం వస్తుంది. తప్పు ఆఫీసుకు వెళ్లిన అర్జీ నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. మొదట గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును అడగండి. అక్కడ తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద రోడ్డు యాజమాన్యం, వెడల్పు, మంజూరైన పనుల వివరాలు కోరుతూ దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయాల్లో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

మూడో పని: ఊరి చేతుల్లో ఉన్నవి వెంటనే చేయడం

దాటే చోటుకు రెండు వైపులా కనీసం 10 మీటర్ల మేర చూపుకు అడ్డు లేకుండా చేయడం అన్నింటికంటే చవకైన పని, ఫలితం ఆ రోజే కనబడుతుంది. గట్టు మీద పెరిగిన సర్కారు తుమ్మ కొట్టించాలి. మలుపులో కట్టిన ఫ్లెక్సీలను, ఎవరి బొమ్మ ఉన్నదైనా సరే, అందరివీ ఒకే రోజున తీయించాలి. ఒకరివి ముందు తీసి మరొకరివి తరువాత తీస్తే భద్రత పక్కకు పోయి పంతం మిగులుతుంది. రోడ్లు, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిన సంగతి గ్రామ సభలో ముందే చెప్పి ఉంచడం మేలు.

తోపుడు బండ్ల విషయంలో తొందరపడవద్దు. సాయంత్రం పుణుగులు వేసే బండి దగ్గర వెలుతురు ఉంటుంది, నలుగురు మనుషులుంటారు, ఆ నలుగురిని చూసి బండ్లు కొంత నెమ్మదిస్తాయి. బండిని సెంటరు నుంచి తరిమేయకుండా, మలుపు నుంచి 10 మీటర్లు జరపమని అడగండి, జరిపిన చోట దీపం, చదునైన నేల ఉండేలా చూడండి. ఆటో స్టాండును కూడా ఇలాగే డ్రైవర్లతో కూర్చుని మాట్లాడి జరపాలి. నేను చూసినంతలో ఆటో డ్రైవర్లు ఈ పనికి మంచి తోడు. ఎక్కడ ఎవరు దెబ్బ తినబోయారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

డ్రైను మీద పలకలు సరిచేయించడం చిన్న పనిలా కనబడుతుంది గానీ, మన ఊళ్లలో కాలిబాట అంటే అదే. రెండు పలకలు లేకపోతే నడిచే మనిషి తారు మీదికి దిగుతాడు. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కాలిబాట మీద అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. డ్రైను ఒక్కటే అంత ఉండదు కాబట్టి దాని పక్క మట్టి అంచును కూడా కలిపి చదును చేయించుకోవాలి. 2025 మేలో సుప్రీంకోర్టు పాదచారులు కాలిబాటలు వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది, ఈ వాక్యాన్ని మీ అర్జీలో చేర్చండి.

బస్సు సరిగ్గా మలుపులో ఆగడం మరో పాత అలవాటు. దిగినవాళ్లు బస్సు ముందు నుంచి రోడ్డు దాటుతారు, వెనక నుంచి దూసుకొచ్చే మోటారు సైకిలుకు వాళ్లు కనబడరు. మనుషులు దాటే చోటును దాటి 20, 30 మీటర్ల అవతల బస్సు ఆగితే దిగినవాళ్లు బస్సు వెనక నుంచి దాటుతారు, వెనక వచ్చే బండికి కనబడతారు. ఇందుకు డిపో మేనేజరుకు ఒక ఉత్తరం, రోడ్డు పక్కన ఒక బోర్డు సరిపోతాయి.

నాలుగో పని: ముగ్గుతో గీసి, వారం పాటు ప్రయత్నించి చూడడం

వాన వెలిసిన మర్నాడు తెల్లవారుజామున సెంటరుకు వెళ్లి నేల చూడండి. టైర్లు నడిచిన చోట తారు నల్లగా తేలి ఉంటుంది, టైర్లు ఎన్నడూ తాకని చోట పలచటి మట్టి పొర, కొబ్బరి పీచు, గడ్డి పరకలు అలాగే ఉంటాయి. మలుపు మూలల్లో ఆ మట్టి పొర ఉన్న తారు బండ్లకు అవసరం లేని తారు. దాని వల్ల జరిగేదల్లా మలుపు వెడల్పై బండి వేగం తగ్గించకుండా తిరగగలగడం, దాటే మనిషికి దూరం పెరగడం. మా సెంటరులో 14 మీటర్లలో దాదాపు సగం ఇలాంటిదే.

ఆ హద్దు వెంట ముగ్గు పిండితో గీత పోయండి. తరువాత రోడ్డు యాజమాన్య శాఖ నుంచి, స్థానిక ఎస్సై నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ గీత మీద ఇసుక నింపిన ప్లాస్టిక్ డ్రమ్ములు వారం పాటు పెట్టి చూడండి. డ్రమ్ములకు చుట్టూ రెండు వరుసల రేడియం స్టిక్కరు అంటించాలి. అనుమతి లేకుండా గానీ, రేడియం లేకుండా గానీ ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. బావి వరలు, బండరాళ్లు వాడాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది, వాటిని గుద్దుకుంటే మోటారు సైకిలు మీది మనిషి బతకడు.

ఈ వారంలో పెద్ద బండ్లు తిరగగలుగుతున్నాయో లేదో చూడాలి. ఆర్టీసీ బస్సు, గడ్డి లారీ, కొబ్బరికాయల లారీ, చెరువుల నుంచి చేపలు, రొయ్యలు తెచ్చే బండ్లు, కోతల కాలంలో వరికోత యంత్రం తిరగగలగాలి. అంబులెన్సు, ఫైరింజను సంగతి చెప్పనక్కరలేదు. ఏదైనా బండి డ్రమ్మును రాసుకుంటే హద్దును అర మీటరు వెనక్కి జరపండి. వారం చివర మళ్లీ సెకన్లు, వేగాలు, చుక్కలు లెక్కపెట్టి పాత లెక్క పక్కన రాయండి. శాశ్వత నిర్మాణానికి డబ్బు అడిగేటప్పుడు ఈ రెండు వరుసల అంకెల కంటే బలమైన మాట ఇంకొకటి ఉండదు.

అయిదో పని: శాశ్వత మార్పులు ఏవి, ఎక్కడ అడగాలి

ఊరంతా మొదట అడిగేది స్పీడు బ్రేకరు, తరచు చెడగొట్టేదీ అదే. ప్రమాదం జరిగిన రాత్రి కోపంలో పోసిన నిటారు సిమెంటు దిమ్మ, మోటారు సైకిలు మీద వెనక కూర్చున్న ఆడవాళ్లను కింద పడేస్తుంది, గర్భిణిని తీసుకెళ్లే అంబులెన్సును కుదిపేస్తుంది. ప్రామాణికమైన గుండ్రటి స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. దాని మీద బండి గంటకు 25 కిలోమీటర్ల దగ్గర హాయిగా దాటుతుంది, అంతకు మించితే కుదుపు తెలుస్తుంది. దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, మీద తెల్ల గీతలు, అంచుల్లో వాన నీరు పోయే సందు ఉండాలి. నీటికి సందు వదలకపోతే డెల్టా వానలకు ఒక్క ఏడాదిలో దాని ముందు గుంట పడుతుంది. జాతీయ రహదారి మీద స్పీడు బ్రేకర్లు వేయరు, అక్కడ అడ్డు పట్టీలు (టైర్ల కింద గరగరలాడి హెచ్చరించే రంబుల్ స్ట్రిప్స్), బోర్డులు, సిగ్నలు అడగాలి.

వంతెన ఉన్న చోట స్పీడు బ్రేకరును వంతెన దిగాక వేయడం పెద్ద పొరపాటు. బండి అప్పటికే దిగుడు వేగంలో ఉంటుంది. వంతెన ఎక్కకముందే, అవతలి వైపునే వేగం తగ్గేలా అడగండి.

జీబ్రా గీతలు 2 నుంచి 4 మీటర్ల వెడల్పుతో, జనం నిజంగా దాటే దారిలోనే ఉండాలి, చుట్టు తిరిగి వచ్చి దాటమంటే ఎవరూ రారు. గీతలను మలుపు అంచు నుంచి ఒక కారు పొడవు లోపలికి జరిపితే, తిరిగిన బండి ప్రధాన రోడ్డుకు అడ్డం లేకుండా నడిచేవాడి కోసం ఆగగలుగుతుంది. స్థలం, నిధులు ఉంటే జీబ్రాను కాలిబాట ఎత్తుకు లేపి చదునైన వేదికలా కట్టడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి మార్గం. అదే వేగం తగ్గిస్తుంది, వానలో నీళ్లలో అడుగు పెట్టనివ్వదు, చక్రాల కుర్చీకి ఎక్కుదిగుడు ఉండదు. లేపలేని చోట కాలిబాట అంచున 1:12 వాలుతో ర్యాంపు తప్పనిసరి. రోడ్డు 10 మీటర్లు దాటితే మధ్యలో మనిషి సైకిలుతో నిలబడగలిగేంత, సుమారు 2 మీటర్ల వెడల్పున్న ఆగుడు చోటు అడగండి. ఒకేసారి రెండు దిక్కులూ చూడాల్సిన భారం దానితో తగ్గుతుంది.

దీపం ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. దాటే చోటుకు అవతల వెలిగే దీపం వచ్చే డ్రైవరుకు మనిషిని నల్లటి నీడగా చూపిస్తుంది. బండి వచ్చే వైపున, జీబ్రాకు కొంచెం ముందు స్తంభం ఉంటే వెలుతురు మనిషి ముఖం మీద పడుతుంది.

ఆరో పని: అర్జీ

గ్రామ సభ తీర్మానం, పటం, రెండు సార్లు లెక్కించిన అంకెలు, ఫోటోలు, అడుగుతున్న మార్పులు, అన్నీ కలిపి నాలుగు పేజీలకు మించకుండా చేయండి. రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను, బండ్ల సంఖ్య వర్గంతో గుణించే లెక్క ఒకటి ఇంజనీర్లకు బాగా తెలుసు. మధ్యలో డివైడరు లేని రోడ్డు మీద ఆ ఫలితం 10 కోట్లు దాటితే సిగ్నలు లాంటి నియంత్రణ ఉన్న క్రాసింగు అవసరమని అర్థం. గంటకు 150 మంది, 900 బండ్లు ఉన్నాయనుకుంటే ఫలితం 12 కోట్ల 15 లక్షలు. మీ అంకె తక్కువ వచ్చినా వెనక్కి తగ్గవద్దు. భయంతో దాటడమే మానేసిన ముసలివాళ్లు, ఒంటరిగా పంపని పిల్లలు ఈ లెక్కలోకి రారని అర్జీలోనే రాయండి.

సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ప్రతిని కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అజెండాలో చేర్చమని కోరండి. పోలీసు, రవాణా, రోడ్ల శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అది కాబట్టి, ‘అది మా రోడ్డు కాదు’ అన్న జవాబుకు అక్కడ అవకాశం తక్కువ. రోడ్డు రూపకల్పన, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఎ సెక్షను 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. దీన్ని బెదిరింపుగా కాక, గుర్తుచేస్తున్నట్టుగా ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

ఏడో పని: పని జరిగేటప్పుడు, జరిగాక

పని మొదలైన రోజున టేపు పట్టుకుని అక్కడ ఉండండి. తారు గట్టిపడ్డాక స్పీడు బ్రేకరు వెడల్పు సరిచేయడం కుదరదు. మామూలు రంగు ఒక్క వానాకాలానికే పోతుంది, గాజు పూసలు కలిసిన థర్మోప్లాస్టిక్ (కరిగించి వేడిగా పూసే) గీతలే అడగండి. నెల తరువాత, మొదట కొలిచిన వారంలో కూర్చున్న చోటే, అవే గంటల్లో కూర్చుని మళ్లీ లెక్కపెట్టి, ఆ అంకెలను సచివాలయంలో ఇవ్వండి.

తరువాతి నిర్వహణ పంటల క్యాలెండరును బట్టి సాగాలి. కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తే నడిచేవాళ్లు మళ్లీ రోడ్డు మధ్యకు వస్తారు, సెంటరుకు అటూ ఇటూ వంద మీటర్ల మేర ఆరబోత వద్దని రైతులతో ముందే మాట్లాడుకుని, బదులుగా బడి ఆవరణో కళ్లమో చూపించాలి. కార్తీకంలో వరి చేల మీంచి వచ్చే దీపపు పురుగులు దీపం గాజు లోపల పేరుకుపోయి వెలుతురును తగ్గిస్తాయి, అప్పుడు ఒకసారి, సంక్రాంతి మంచుకు ముందు ఒకసారి గాజు తుడిపించాలి. వంతెన పక్కన నడక పలక, గట్టు అంచున కమ్మీలు లాంటి పనులు వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే సులువు. గీతలకు మళ్లీ రంగు వేయించేదీ అప్పుడే. జూన్ రెండో వారంలో బడులు తెరిచే నాటికి అవి తెల్లగా కనబడాలంటే ఏప్రిల్‌లోనే సచివాలయంలో ఉత్తరం ఇవ్వాలి.